నీడా, గడ్డా? బొమ్మల్లో, వైద్య చరిత్రలో రొమ్ము

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే. లైట్లు కాస్త తగ్గించండి బాబూ, బొమ్మ సరిగ్గా కనపడాలి.

తెర మీద ఉన్నది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1654లో వేసిన చిత్రం. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నిలువూ అడ్డం ఒకటే, ఒక్కో పక్క 142 సెంటీమీటర్లు. అంటే ఈమె ఇంచుమించు నిజం మనిషంత ఉంటుంది. బైబిలు చదివినవాళ్ళకి కథ తెలుసు. దావీదు రాజు మిద్దె మీద తిరుగుతూ, స్నానం చేస్తున్న బత్షెబను చూశాడు. పిలిపించుకున్నాడు. ఆమెకి కడుపొచ్చింది. ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టించి చంపించాడు. ఈ కథ వేసిన చిత్రకారులు చాలామంది దూరంగా మేడ మీద రాజుగారిని కూడా ఓ మూల చూపించారు. రెంబ్రాంట్ రాజుని తీసేశాడు. బత్షెబ చేతిలో ఒక ఉత్తరం పెట్టాడు. బైబిల్లో ఆమెకి ఉత్తరం వచ్చినట్టు లేదు, అది కల్పన. ముసలి దాసి పాదాలు శుభ్రం చేస్తోంది. ఈమె ఉత్తరం చదివేసింది, తల వంచుకుని ఎటో చూస్తోంది. వెళ్ళినా కష్టమే, వెళ్ళకపోయినా కష్టమే. ఒంటి మీద బట్ట లేని మనిషి మొహం వైపే మన కళ్ళు పోయేలా వేయడం, నా దృష్టిలో, ఈ చిత్రంలో అసలు పనితనం.

సర్జన్ల కళ్ళు మాత్రం మొహం దగ్గర ఆగలేదు. ఎడమ రొమ్ము చూడండి, మనకి కుడిపక్క ఉన్నది. చంక వైపు కొద్దిగా నల్లబడినట్టు, చిన్న సొట్ట పడినట్టు లేదూ? 1983లో ఆస్ట్రేలియాకి చెందిన బ్రైత్‌వైట్, షగ్ అనే ఇద్దరు, ఇంగ్లండ్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఇది వెలుతురు వల్ల పడ్డ నీడ కాదు, రొమ్ము క్యాన్సర్ అన్నారు. చర్మం సొట్టపడింది, రంగు మారింది, చంక కూడా నిండుగా ఉంది, బహుశా బిళ్ళలు కట్టాయి అన్నారు. ఈ చిత్రానికి కూర్చున్నది రెంబ్రాంట్‌తో కలిసి ఉంటున్న హెండ్రిక్యే స్టోఫెల్స్ అని చాలామంది నమ్మకం. ఆమె 1663లో చనిపోయింది. ఇంకేముంది, కథ అతికినట్టు సరిపోయింది.

నాకూ మొదట చదివినప్పుడు భలే నచ్చింది. ఆపరేషన్ థియేటర్లో చాలా ఏళ్ళు ఈ సొట్టలే చూసినదాన్ని కదా, మూడు వందల ఏళ్ళ నాటి కేసు ఒకటి దొరికిందంటే ఏ సర్జన్‌కి నచ్చదు? కానీ లెక్క చూడండి. వైద్యం ఏమీ చేయకుండా వదిలేస్తే రొమ్ము క్యాన్సర్ ఎలా నడుస్తుంది అన్నదానికి మన దగ్గర ఒక పాత రికార్డు ఉంది. లండన్‌లో మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో 1805 నుంచి 1933 దాకా చేరిన 250 మంది స్త్రీల వివరాలు. వాళ్ళకి ఏ చికిత్సా జరగలేదు. లక్షణాలు మొదలైన దగ్గర్నించి లెక్కేస్తే సగం మంది 2.7 సంవత్సరాలలోపే పోయారు. ఐదేళ్ళు దాటినవాళ్ళు 18 శాతం. హెండ్రిక్యే చిత్రం వేశాక తొమ్మిదేళ్ళు బతికింది. చర్మం లోపలికి లాక్కుపోయి, చంకలో బిళ్ళలు కట్టిన మనిషి మందూ మాకూ లేకుండా తొమ్మిదేళ్ళు బతకడం అసాధ్యమని అనను. కానీ నేనైతే పందెం కాయను.

తర్వాత వచ్చిన డాక్టర్లు వేరే వేరే పేర్లు పెట్టారు. కొందరు క్షయ వల్ల వచ్చిన చీముగడ్డ అన్నారు, కొందరు పాలు గడ్డకట్టి వచ్చిన వాపు అన్నారు. ఆ 1654లోనే ఆమె గర్భవతి అన్న సంగతి నిజమే. ఎలా తెలుసంటే, పెళ్ళి కాకుండా రెంబ్రాంట్‌తో ఉంటున్నందుకు చర్చి పెద్దలు ఆమెను పిలిపించి మందలించి, ప్రభు సంస్కారం నుంచి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం నుంచి వెలివేశారు. అది రికార్డుల్లో ఉంది. ఆ అక్టోబర్లో కూతురు కోర్నేలియాకి బాప్తిస్మం ఇప్పించారు. రెంబ్రాంట్‌ని మాత్రం ఎవరూ వెలివేయలేదు. రాజు కబురు పెడితే నిలబడాల్సి వచ్చిన ఆడమనిషి బొమ్మకి ఈ ఆడమనిషి కూర్చుంది. చంక పక్క సొట్ట గురించి ఇన్ని పేజీలు రాసిన మా డాక్టర్లలో ఈ సంగతి దగ్గర ఆగినవాళ్ళు తక్కువ.

అసలు ఆ సొట్ట ఎందుకు పడుతుందో చెప్తాను, తర్వాత బొమ్మలకి అదే పనికొస్తుంది. రొమ్ములో పాల గ్రంథులు, కొవ్వు ఉంటాయి. వాటి మధ్య నుంచి చర్మం దాకా సన్నని తాళ్ళలాంటి పోగులు ఉంటాయి. గుడారం బట్టను తాళ్ళు పట్టి ఉంచినట్టు అవి రొమ్ముని పట్టి ఉంచుతాయి. గడ్డ పెరుగుతూ ఏదో ఒక తాడుని లోపలికి లాగితే, పైన బట్ట అక్కడ లోపలికి పోతుంది. నొప్పి ఉండదు. అందుకే మోసం. ఈ పోగుల్ని వివరంగా రాసి బొమ్మలు వేయించినవాడు లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్. 1840లో ఆయన రొమ్ము నిర్మాణం మీద ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. చనిపోయినవారి రొమ్ముల్లో పాల నాళాలలోకి రంగు మైనం ఎక్కించి, ఒక్కో నాళం ఎక్కడిదాకా పోతుందో చూశాడు. ఆ పోగులకి ఇవాళ్టికీ ఆయన పేరే. మెడికల్ స్టూడెంట్లు ఉన్నారుగా, మీరు వైవాలో చెప్పే కూపర్స్ లిగమెంట్లు అవే.

ఇప్పుడు కూపర్ కన్నా మూడు వందల ఏళ్ళ ముందుకి పోదాం. ఇది ఫ్లోరెన్స్‌లో సాన్ లోరెంజో చర్చిలో, జులియానో మెడిచి సమాధి మీద మైకెలాంజిలో చెక్కిన ‘రాత్రి’. 1526కి, 1531కి మధ్య చెక్కిన పాలరాయి. 2000లో స్టార్క్ అనే క్యాన్సర్ డాక్టరూ, నెల్సన్ అనే కళా చరిత్రకారుడూ కలిసి న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికకి ఒక లేఖ రాశారు. ఎడమ రొమ్ములో చనుమొన పక్కన పెద్ద ఉబ్బు ఉంది, చనుమొన చుట్టూ వాచి ఉంది, ఇంకో పక్క చర్మం లోపలికి లాక్కుపోయింది, ఇది బాగా ముదిరిన క్యాన్సర్ అన్నారు. దీనికి ఎప్పుడూ ఒక జవాబు ఉండేది: మైకెలాంజిలోకి ఆడవాళ్ళ ఒళ్ళు చెక్కడం రాదు, మగవాళ్ళని మోడల్‌గా పెట్టుకుని రెండు ముద్దలు అతికించేవాడు అని. నవ్వకండి, పెద్ద పెద్ద పండితులే అన్న మాట. దానికి ఆ ఇద్దరి జవాబు కూడా బాగుంది. ఇదే శిల్పంలో కుడి రొమ్ము మామూలుగా ఉంది. అదే గదిలో ఎదురుగా ఉన్న ‘ఉదయం’ అనే శిల్పానికి రెండూ మామూలుగా ఉన్నాయి. చేతకానివాడైతే మూడు సరిగ్గా చెక్కి ఒకటే ఎందుకు తప్పు చెక్కుతాడు?

ఈ వాదన నాకు రెంబ్రాంట్ విషయంలో కన్నా గట్టిగా అనిపిస్తుంది. శవాలు కోసి చూసిన శిల్పి ఎక్కడో చూసిన దాన్నే చెక్కాడు అనుకోవచ్చు. అయినా రాయికి బయాప్సీ చేయలేం కదా. అక్కడితో ఆగాలి.

ఆగాలి అని ఎందుకంటున్నానంటే, చిత్రకారులు చూసిందే గీస్తారని మనం అనుకుంటాం. నమ్మింది కూడా గీస్తారు. లియొనార్డో కన్నా చురుకైన కన్ను ఎవరికి ఉంది? ఆయన 1490 ప్రాంతంలో గీసిన ఒక బొమ్మ ఇంగ్లండ్ రాజకుటుంబం దగ్గర ఉంది. అందులో గర్భసంచి నుంచి రొమ్ము దాకా ఒక నాళం ఉంది. అలాంటి నాళం ఎవరి ఒంట్లోనూ లేదు. కడుపుతో ఉన్నప్పుడు ఆగిపోయిన ముట్టు రక్తమే పైకి వెళ్ళి పాలవుతుందని గ్రీకుల కాలం నుంచీ వైద్యులు చెప్పారు, కాబట్టి అది పోవడానికి దారి ఉండాలి, కాబట్టి గీశాడు. ఇంకో నలభై యాభై ఏళ్ళ వెనక్కి వెళ్తే ఫ్రెంచి చిత్రకారుడు జాన్ ఫూకే వేసిన మరియ తల్లి. ఆంట్వెర్ప్‌లో ఉంది. రొమ్ము కంఠం కిందనే, కాంపస్ పెట్టి గీసినంత గుండ్రంగా ఉంది, ఒంటికి సంబంధం లేనట్టు. ఆ మొహం ఫ్రాన్స్ రాజు ఏడవ చార్లెస్ ప్రియురాలు ఆగ్నెస్ సోరెల్‌ది అంటారు. అది తల్లి పాలిచ్చే రొమ్మా, రాజుగారి దర్బారు ఫ్యాషనా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆ గుండ్రంలో జబ్బు వెతికితే దొరకదు, ఒళ్ళే లేదు అక్కడ.

మన శిల్పాల సంగతి కూడా ఇంతే. ఇవాళ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. అమరావతి ఫలకాల మీద స్త్రీలు గానీ, పాట్నాలో ఉన్న దీదార్‌గంజ్ యక్షి గానీ, రొమ్ములు నిండు కుండల్లా ఉంటాయి. పంటకి, సంతానానికి, కలిమికి అది గుర్తు. సిగ్గు లేదు, దాపరికం లేదు, దానికి నాకు గర్వమే. కానీ ఒక ముసలి రొమ్మో, పాలిచ్చి జారిన రొమ్మో, రోగంతో ఉన్న రొమ్మో ఆ వరసలో ఎక్కడ? కాళి రూపాల్లో, చాముండి విగ్రహాల్లో ఎండిన రొమ్ములు కనిపిస్తాయి, అవి భయపెట్టడానికి. మామూలు ఆడమనిషి మామూలు ఒళ్ళు మన గుళ్ళలో తక్కువ. శాస్త్రంలో మాత్రం జబ్బు ప్రస్తావన ఉంది. సుశ్రుత సంహిత నిదాన స్థానంలో స్తన రోగాలకి ఒక చోటు ఇచ్చారు. పెళ్ళికాని పిల్లల రొమ్ముల్లో నాళాల ద్వారాలు మూసుకుని ఉంటాయి కాబట్టి వాళ్ళకి ఆ రోగాలు రావు అని అందులో ఉంది. అక్కడ చెప్పినవి ఎక్కువగా పాలిచ్చే తల్లులకి వచ్చే వాపులు, చీముగడ్డలు. వాటి వరకు గమనిక బాగానే ఉంది. క్యాన్సర్‌కి వస్తే తిరగబడుతుంది. ఇటలీలో రమజ్జీని అనే డాక్టరు 18వ శతాబ్దం మొదట్లోనే రాశాడు, మఠాల్లో ఉండే కన్యాస్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని. కారణం ఆయన చెప్పింది సరి కాకపోయినా గమనించింది నిజం. పిల్లల్ని కనకపోవడం, పాలివ్వకపోవడం ఈ జబ్బు రావడానికి అవకాశం పెంచుతాయని ఇప్పుడు మనకి తెలుసు.

బొమ్మల్లో రోగం వెతకడం సరదా ఆట. నేనూ ఆడతాను. కానీ ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది వేరు. ఒక రొమ్ముకి జబ్బు చేసినప్పుడు దాన్ని ఎవరు చూశారు, ఎలా చూశారు, ఆ మనిషిని ఎవరైనా ఒక మాట అడిగారా? వైద్య చరిత్రలో మందులూ కత్తులూ ఎంత ముఖ్యమో, నాకు ఇది అంత ముఖ్యం.

పాత కథతో మొదలుపెడదాం. గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ చెప్పాడు. పర్షియా చక్రవర్తి దరియస్ భార్య అటోసాకి రొమ్ము మీద ఒక గడ్డ లేచింది. చిన్నగా ఉన్నంతకాలం సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. అది పగిలి పాకడం మొదలుపెట్టాకే డెమొసిడిస్ అనే గ్రీకు వైద్యుణ్ణి పిలిపించింది. ఆయన బందీగా వచ్చినవాడు. బాగు చేస్తాను, కానీ నేను అడిగింది ఇవ్వాలి, అది నీ పరువుకి భంగం కలిగించేది కాదు అన్నాడు. ఆమె ఒప్పుకుంది. ఏమడిగాడు? నీ భర్తని గ్రీసు మీద దండయాత్రకి పురికొల్పు, దారి చూపించడానికి నన్ను పంపిస్తారు, నేను ఇంటికి పోతాను అని. బాగైంది అంటున్నారంటే అది చీముగడ్డే అయ్యుంటుంది. కానీ రెండున్నర వేల ఏళ్ళ క్రితం ఒక మహారాణి, ప్రపంచంలో సగం ఏలుతున్నవాడి భార్య, గడ్డని ఎందుకు దాచింది అన్న వాక్యం చదివినప్పుడల్లా నా ఓపీ గుర్తొస్తుంది. ‘ఎన్నాళ్ళయిందమ్మా?’ అంటే ‘మొన్ననే’ అంటారు. కూతురు వెనక నుంచి ‘దసరా నుంచి ఉందట డాక్టర్’ అంటుంది.

వైద్యం మాట అడిగితే, ఇంకా వెయ్యేళ్ళ ముందు ఈజిప్టు పపైరస్ ఒకటి ఉంది, క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో రాసిన ప్రతి. 48 కేసులు. తల దగ్గర మొదలై కిందికి వస్తాయి. 45వ కేసు రొమ్ము మీద ఉబ్బిన గడ్డలు, తాకితే చల్లగా ఉంటాయి. మిగతా కేసుల్లో చాలావాటికి కట్టు కట్టు, తేనె పెట్టు, మాంసం ముక్క పెట్టు అని ఉంటుంది. దీనికి ‘చికిత్స లేదు’ అంతే. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. తర్వాత గేలెన్ అనే ప్రాచీన వైద్యుడు వచ్చి ఒంట్లో నల్లపైత్యం అనే ద్రవం ఎక్కువై ఈ జబ్బు వస్తుందన్నాడు, గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు పీత కాళ్ళలా ఉంటాయన్నాడు. ఆ నల్లపైత్యం దాదాపు పదిహేను వందల ఏళ్ళు వైద్యుల బుర్రల్లోంచి పోలేదు.

సిసిలీలో కటానియా అనే ఊరు ఉంది. అక్కడ అగథ అనే అమ్మాయి, 251 ప్రాంతంలో, తన మతం వదలనందుకూ, క్వింటియానస్ అనే అధికారికి లొంగనందుకూ రొమ్ములు కోయించుకుంది. ఆమె పండగ ఫిబ్రవరి 5. స్పెయిన్ చిత్రకారుడు జుర్బరాన్ వేసిన బొమ్మ చూడండి, ఫ్రాన్స్‌లో మాంపెల్యేలో ఉంది. మంచి బట్టలు కట్టుకున్న పిల్ల పళ్ళెంలో తన రెండు రొమ్ములు పెట్టుకుని మనకి చూపిస్తోంది. కటానియాలో అదే ఆకారంలో పైన చెర్రీ పెట్టి తీపి చేస్తారు, పండక్కి తింటారు. వినడానికి ఒకలా ఉంటుంది. కానీ రొమ్ము జబ్బులు వచ్చినవాళ్ళకి ఆ క్రైస్తవ లోకంలో ఆమే దిక్కు, ఆమెకే మొక్కుకుంటారు. ఆ పళ్ళెం ముందు నిలబడి మొక్కుకున్న ఆడవాళ్ళకి అదొక్కటే, ఎవరూ తల తిప్పుకోకుండా తమ జబ్బు పేరు చెప్పుకోగలిగిన చోటు.

ఇప్పుడు ఫానీ బర్నీ. ఈ భాగం కొంచెం కష్టంగా ఉంటుంది, ఎవరికైనా తల తిరిగినట్టుంటే కిటికీ పక్కన కూర్చోండి. ఇంగ్లండ్‌లో పేరున్న నవలా రచయిత్రి, ఫ్రెంచి సైనికాధికారిని పెళ్ళి చేసుకుని పారిస్‌లో ఉంది. 1810లో రొమ్ములో నొప్పి మొదలైంది. ఏడాది పాటు వద్దు వద్దు అంటూ వచ్చింది. చివరికి 1811 సెప్టెంబర్ 30న ఇంట్లోనే ఆపరేషన్. చేసినవాడు నెపోలియన్ సైన్యపు పెద్ద సర్జన్ లారే. మత్తు లేదు. ఒక గ్లాసు ద్రాక్షసారా ఇచ్చారు, అంతే. ఆమె వయసు 59.

భర్తని ఏదో పని పేరుతో బయటికి పంపించేసింది, చూసి తట్టుకోలేడని. కట్టు గుడ్డలు, స్పాంజిలు సర్దిపెట్టారు. అవి చూసి గది దాటి వెళ్ళి కాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత చెప్పాపెట్టకుండా నల్లబట్టలు వేసుకున్న ఏడుగురు మగవాళ్ళు గదిలోకి వచ్చేశారు. ఇంతమంది ఎందుకు, ఎవరు పిలిచారని ఆమెకి కోపం వచ్చింది. మంచం గది మధ్యకి లాగమన్నారు. పాత దుప్పట్లు పరవమన్నారు. మొహం మీద ఒక పల్చటి రుమాలు కప్పారు. అది ఎంత పల్చనంటే దానిలోంచి అందరూ కనిపిస్తున్నారు. మెరుస్తున్న ఉక్కు కనిపించింది, కళ్ళు మూసుకుంది.

అప్పుడు లారే దిగులు గొంతుతో అడిగాడు: ‘ఈ రొమ్మును నాకు ఎవరు పట్టుకుంటారు?’ ఎవరూ మాట్లాడలేదు. ఆమె లేచి, ‘నేనే, మస్యూ’ అని, రొమ్ము కింద తన చెయ్యి పెట్టి పట్టుకుంది. తనకి ఎక్కడ నొప్పి, ఎలా ఉంటుంది, ఒక చోట నుంచి ఎలా పాకుతుంది చెప్పింది. వాళ్ళు విన్నారు. మాట్లాడకుండా మళ్ళీ పడుకోబెట్టి, మళ్ళీ రుమాలు కప్పారు. రుమాలులోంచి చూస్తే లారే వేలు గాలిలో పైనుంచి కిందికి ఒక గీత, అడ్డంగా ఒక గీత, చుట్టూ ఒక సున్నా గీస్తోంది. మొత్తం తీసేయాలని అర్థం.

కత్తి దిగిన దగ్గర్నించి కోత అయ్యేదాకా ఒకటే కేక వేశానని రాసింది. ఆ కేక ఇప్పటికీ తన చెవుల్లో మోగకపోవడమే ఆశ్చర్యమని రాసింది. మాంసం అయ్యాక ఎముక మీద కత్తి గీకడం తెలిసింది. మొత్తం ఇరవై నిమిషాలు. రెండుసార్లు స్పృహ తప్పిందట. మంచం మీదకి ఎత్తుకుపోతుంటే లారే మొహం చూసింది: తనంత తెల్లగా పాలిపోయి ఉంది, మీద రక్తపు చారలు.

ఈ ఉత్తరం అక్క ఎస్తర్‌కి రాసింది. రాయడానికి నెలలు పట్టింది, రాసింది తిరిగి చదువుకోలేకపోయానని చెప్పింది. అంతకు ముందు ఎన్నో పుస్తకాల్లో సర్జన్లు ఈ ఆపరేషన్ వర్ణించారు. కోత ఎటు పెట్టాలి, రక్తం ఎలా ఆపాలి, ఎర్రగా కాల్చిన ఇనుము ఎప్పుడు పెట్టాలి. కత్తికి అవతలి పక్క నుంచి ఇంత వివరంగా రాసిన ఇంకో ఉత్తరం నేను చదవలేదు. ఆమె 1840 దాకా బతికింది, 87 ఏళ్ళు. అందుకే కొందరు అసలు అది క్యాన్సరేనా అంటారు. రెంబ్రాంట్ బొమ్మకి చెప్పిన లెక్కే ఇక్కడా చెప్పాలి కదా, చెప్పాను. కాకపోతే ఇక్కడ కోసి తీసేశారు, అది తేడా.

ఆశ్చర్యం ఏమిటంటే, అప్పటికే ఏడేళ్ళ క్రితం, 1804 అక్టోబర్ 13న, జపాన్‌లో హనావోకా సైషూ అనే సర్జన్ ఒక 60 ఏళ్ళ ఆమెకి మత్తిచ్చి రొమ్ము క్యాన్సర్ గడ్డ తీశాడు. బోస్టన్‌లో ఈథర్ మత్తు లోకానికి చూపించింది 1846లో. ఈయన మందులో ముఖ్యమైనవి ఉమ్మెత్త, వత్సనాభి. రెండూ మనకి తెలిసిన విషాలే. ఎంత ఇస్తే నిద్ర, ఎంత ఇస్తే చావు అని తేల్చడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆయన తల్లీ భార్యా తమ మీద ప్రయోగం చేసుకోమన్నారని, ఆ మందుతో భార్య చూపు పోయిందని జపాన్‌లో చెప్పుకుంటారు. ఆ మొదటి రోగి కొన్ని నెలలకే చనిపోయింది. కానీ ఆ తర్వాత ఆయన వందకి పైగా రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు చేశాడు. దేశం తలుపులు మూసుకుని ఉండటంతో బయట ఎవరికీ తెలియలేదు. పారిస్‌కి తెలిసుంటే అన్న ఆలోచన నాకు ఎప్పుడూ వస్తుంది, పనికిరాని ఆలోచనే అనుకోండి.

ఇక లామ్ క్వా. ఈ సాయంత్రం నాకు ఎక్కువ ఇష్టమైన బొమ్మలు ఇవి. చైనాలో కాంటన్ రేవులో 1835లో పీటర్ పార్కర్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరు ఒక ఆసుపత్రి పెట్టాడు. (నవ్వులు) అవును, స్పైడర్‌మ్యాన్ పేరే. సాలెగూడు మాత్రం లేదు. కంటి జబ్బులకని పెడితే, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పెద్ద పెద్ద గడ్డలు ఉన్నవాళ్ళు వచ్చారు. ఫొటోలు ఇంకా రాలేదు. దగ్గర్లోనే లామ్ క్వా అనే చిత్రకారుడి దుకాణం ఉంది, విదేశీ వర్తకులకి వాళ్ళ పద్ధతిలో ఆయిల్ పెయింటింగులు వేసి అమ్మేవాడు. పార్కర్ రోగుల్ని ఆయన వేశాడు, 1836 నుంచి సుమారు రెండు దశాబ్దాలు. డబ్బు తీసుకోలేదు, ఆసుపత్రి రోగుల దగ్గర తీసుకోవడం లేదు కాబట్టి నేనూ తీసుకోను అన్నాడట. ఎనభైకి పైగా బొమ్మలు ఇప్పుడు యేల్ యూనివర్సిటీ మెడికల్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో రొమ్ము గడ్డలున్న స్త్రీలూ ఉన్నారు.

మొహాలు చూడండి. గడ్డ ఎంత పెద్దదైనా మొహం ప్రశాంతంగా ఉంటుంది, జుట్టు శుభ్రంగా దువ్వి ముడి వేసి ఉంటుంది. మనిషి ఫొటో దిగడానికి కూర్చున్నట్టు కూర్చుంది, పైట తొలగించి గడ్డ చూపిస్తోంది. ఇప్పటి మెడికల్ ఫొటోల్లో కళ్ళ మీద నల్లపట్టీ వేస్తాం, లేదా మెడ దగ్గర కోసేస్తాం. రోగి పరువు కాపాడటానికే, ఆ పద్ధతి అవసరం కూడా. కానీ ఆ ఫొటోల్లో మిగిలేది గడ్డ ఒక్కటే. లామ్ క్వా బొమ్మలో గడ్డ ఉన్న మనిషి మిగిలింది. పార్కర్ ఈ బొమ్మల్ని ఇంగ్లండ్, అమెరికా తీసుకెళ్ళి చందాలు పోగు చేయడానికి చూపించాడన్నది కూడా నిజం. చైనా వాళ్ళంటే జబ్బు మనుషులు అన్న అభిప్రాయం పడమటి దేశాల్లో పెరగడానికి ఇవి పనికొచ్చాయని విమర్శ ఉంది. అది కొట్టిపారేయలేను. వేసినవాడి చూపు ఒకటి, చూపించినవాడి అవసరం ఇంకొకటి.

దీనికి పక్కన అమెరికన్ చిత్రకారుడు ఈకిన్స్ 1889లో వేసిన ‘ఆగ్న్యూ క్లినిక్’ పెట్టి చూడండి. ఫిలడెల్ఫియాలో ఆగ్న్యూ అనే ప్రొఫెసరు రిటైర్ అవుతుంటే విద్యార్థులు చందాలేసి వేయించారు. ఎంత పెద్ద బొమ్మంటే గోడ నిండుతుంది. రొమ్ము తీసేసే ఆపరేషన్. గ్యాలరీ నిండా విద్యార్థులు, ఒకడు ముందుకు వంగి చూస్తాడు, ఒకడు పక్కవాడి మీద వాలి నిద్రపోతున్నట్టున్నాడు, మన క్లాసుల్లోలాగే. ప్రొఫెసరు కత్తి పట్టుకుని పక్కకి జరిగి లెక్చర్ చెప్తున్నాడు. ఆయన చేతుల మీద మొదట రక్తం వేస్తే ఆయనే వద్దన్నాడట, తీసేశారు. ఆపరేషన్ చేస్తున్నవాళ్ళు తెల్ల కోట్లలో ఉన్నారు, క్రిమి సంహారం అప్పటికి వచ్చింది. రోగి మత్తులో ఉంది. ఆ గదిలో ఆమె కాక ఇంకొక్క ఆడమనిషి ఉంది, నర్సు మేరీ క్లైమర్. కదలకుండా నిటారుగా నిలబడి రోగినే చూస్తోంది. ఆ గదిలో ప్రొఫెసర్ని కాకుండా రోగిని చూస్తున్నవాళ్ళు ఎందరో లెక్కపెట్టండి. ఈ చిత్రాన్ని 1891లో అక్కడి ఫైన్ ఆర్ట్స్ అకాడమీ ప్రదర్శనకి తీసుకోలేదు.

ఆ రోజుల్లోనే బాల్టిమోర్‌లో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు కింద ఛాతీ కండరాలు, చంకలో బిళ్ళలు అన్నీ ఒకే ముక్కగా తీసేసే పద్ధతి తెచ్చాడు. 1894లో ప్రకటించాడు. జబ్బు అంచెలంచెలుగా పాకుతుంది, కాబట్టి ఎంత దూరం కోస్తే అంత మంచిదని నమ్మకం. దాదాపు ఎనభై ఏళ్ళు అదే వేదం. చెయ్యి ఎత్తలేని, చెయ్యి వాచిపోయిన ఆడవాళ్ళు ఎందరో. మిలాన్‌లో వెరొనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్లు రోగుల్ని చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేసి పరీక్షించారు. గడ్డా చుట్టూ కొంతా తీసి రేడియేషన్ ఇస్తే, మొత్తం తీసినవాళ్ళంత కాలమే బతుకుతారని 1980లలో తేలింది. ఫిషర్‌ని ముందు తోటి సర్జన్లే తిట్టారు.

మందుల కథ చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. ఒక్క మాట: మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఫోలిక్ యాసిడ్ మీద చేయించిన పని నుంచి మెథోట్రెక్సేట్ వచ్చింది. 1951లో జేన్ రైట్ అనే నల్లజాతి డాక్టరు అది రొమ్ము క్యాన్సర్ మీద పనిచేస్తుందని చూపించింది. 1976లో మిలాన్ నుంచి వచ్చిన మూడు మందుల కీమోలో ఒకటి అదే. సుబ్బారావు గారు ఇవేవీ చూడకుండా 1948లోనే పోయారు.

ఇక చివరి ఫొటో. 1982, ఇంగ్లండ్. జో స్పెన్స్ ఫొటోగ్రాఫర్. ఆసుపత్రిలో మంచం మీద పుస్తకం చదువుకుంటోంది. తెల్ల కోటు వేసుకున్న కుర్ర డాక్టరు ఒకడు విద్యార్థుల్ని వెంటేసుకుని వచ్చి, కాగితాలు చూసి, ఒక్క మాట లేకుండా వంగి ఆమె ఎడమ రొమ్ము పైన ఇంకుతో ఇంటూ గుర్తు పెట్టడం మొదలుపెట్టాడట. ఏం చేస్తున్నారంటే రేపు ఇది తీసేయాలి అన్నాడు. ఆమె ఒప్పుకోనంది. గడ్డ వరకే తీయించుకుంది. ఆపరేషన్‌కి ముందు తన రొమ్ము మీద తనే పెన్నుతో ‘జో స్పెన్స్ ఆస్తి?’ అని రాసి ఫొటో తీయించుకుంది. చివర ప్రశ్నార్థకం ఉంది, గమనించండి. మత్తు వచ్చింది, స్కాన్‌లు వచ్చాయి, కోతలు చిన్నవయ్యాయి. రౌండ్స్‌లో మేం మాత్రం అలాగే ఉన్నాం. ‘మేం’ అని కావాలనే అంటున్నాను.

మన దగ్గరి విషయం ఒకటి చెప్పి ఆపేస్తాను. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టిన అధ్యయనం ఒకటి ఉంది. బస్తీల్లో ఉండే 35 నుంచి 64 ఏళ్ళ స్త్రీలు, మొత్తం లక్షా యాభై వేలకి పైగా. సగం బస్తీల్లో, శిక్షణ ఇచ్చిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి వెళ్ళి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే లేదు, మిషను లేదు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. పరీక్ష చేసిన బస్తీల్లో జబ్బు ముదరకముందే దొరికింది. 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. చిన్నవాళ్ళలో ఆ తేడా కనపడలేదు, అది కూడా చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట, ఇంటికి వచ్చి అడిగే మనిషి ఆడమనిషి కావడం, అదే బస్తీ భాష మాట్లాడటం ఎంత పని చేసిందో అంకెల్లో రాదు. కానీ పని చేసిందనే నా నమ్మకం. మన ఏఎన్‌ఎంలకీ, ఆశా కార్యకర్తలకీ ఇదే నేర్పించి, చేయడానికి టైమ్ కూడా ఇస్తే చాలు, కొత్త భవనం అక్కర్లేదు.

లైట్లు వేయండి. ప్రశ్నలు అడగండి. సొంత రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు మైకులో అడగక్కర్లేదు, టీ దగ్గర నా పక్కకి రండి, మాట్లాడుకుందాం.